పరగడుపు లెక్క చాలదు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గణిత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)



 

నేను డాక్టరును కాను. బి.ఎస్సీ., బి.ఇడి. చదివి, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో 26 ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. క్యాన్సర్ వైద్యం జరుగుతున్నప్పుడు షుగర్‌ను ఎలా చూసుకోవాలో మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "డాక్టరుగారిని పిలవండి భాయ్‌సాబ్" అన్నాను. "డాక్టర్లు చెప్పేది చాలాసార్లు విన్నాం. మంచం పక్కన కూర్చున్నవాళ్లు చెప్పేది కూడా వినాలి" అన్నారాయన. అందుకని ఒప్పుకున్నాను. నేను చెప్పేవాటిలో మందుల సంగతి ఏదైనా సరే, మీ డాక్టరును అడిగాకే పాటించండి. నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది మా ఇంట్లో జరిగిన పొరపాట్లు.

మా ఆపా నాకంటే ఆరేళ్లు పెద్ద. మా అమ్మ పోయేనాటికి నేను ఇంటర్ చదువుతున్నాను. గుంటూరు మిర్చి కొట్లలో ముచ్చికలు తీసి, ఆ కూలితో నా బి.ఇడి. ఫీజు కట్టింది ఆపాయే. సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె చేతుల మంట తగ్గడానికి కొబ్బరినూనె రాసేదాన్ని. నేను ఉద్యోగంలో చేరాక ఆమె చేసినదాంట్లో పదో వంతయినా తిరిగి చేయాలనుకున్నాను. ఆమె చేయనిచ్చే మనిషి కాదు. బావ దర్జీ. ఉన్నదాంట్లో గుట్టుగా సంసారం చేసుకునేవారు.

ఆపాకు పదకొండేళ్లుగా షుగర్ ఉంది. మాత్రలు వేసుకునేది. మాత్రలు అయిపోతే కొన్నాళ్లు మానేసి, మళ్లీ వేసుకునేది. 58వ ఏట రొమ్ములో గడ్డ కనబడింది. పరీక్ష చేస్తే క్యాన్సర్ అన్నారు. ఆ మాట విన్నాక ఇంట్లో ఎవరికీ షుగర్ సంగతి గుర్తు లేదు. పెద్ద పులి ఇంట్లోకి వస్తే మూలన ఉన్న తేలును ఎవరు చూస్తారు? గుర్తు చేసింది ఆపరేషన్ డాక్టరు. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే 9.8 వచ్చింది. "షుగర్ ఇలా ఉంటే గాయం మానదు, చీము పడుతుంది" అని ఇన్సులిన్ మొదలుపెట్టారు. రెండు వారాలు ఆగి ఆపరేషన్ చేశారు. అల్హమ్దులిల్లాహ్, గాయం బాగానే మానింది. తర్వాత 21 రోజులకొకటి చొప్పున ఎనిమిది కీమోలు అన్నారు. ఆపరేషన్, కీమో రెండూ ఆరోగ్యశ్రీ కార్డు మీద జరిగాయి. రానుపోను ఖర్చులకు, బయట కొనే మందులకు మన సంఘం 15 వేలు ఇచ్చింది. ఆ సాయం మేము మరచిపోలేదు.

మొదటి కీమో అయ్యాక రోజూ పొద్దున్నే పరగడుపున మీటరు మీద చూశాం. మొదటి రోజు 132, రెండో రోజు 128. ఇంత బాగుందేమిటని సంతోషించాం కూడా. మూడో రోజుకు నాలుక పిడచకట్టుకుపోయింది. అరగంటకోసారి బాత్‌రూముకు వెళ్లింది. రాత్రికి మాట తడబడింది, నన్ను మా అమ్మ పేరుతో పిలిచింది. కీమో నీరసం అనుకుని తెల్లారేదాకా ఆగుదామన్నాడు బావ. నాకు మనసు ఒప్పక ఆటో పిలిచాను. ఆసుపత్రిలో చూస్తే 436.

డ్యూటీ డాక్టరమ్మ మా కాగితం చూసి అడిగిన మొదటి ప్రశ్న, "మధ్యాహ్నం ఎంత ఉంటోంది?" అని. మా దగ్గర జవాబు లేదు. మేము ఒక్క మధ్యాహ్నం కూడా చూడలేదు.

అప్పుడావిడ నాకు చెప్పిన విషయం ఇది. కీమోకు ముందు, వాంతులు రాకుండానూ, ఒంటికి పడక రియాక్షన్ రాకుండానూ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. తర్వాత రెండు మూడు రోజులు మాత్రల రూపంలో కూడా రాస్తారు. అది అవసరమైన మందే, మానకూడదు. కాని అది కాలేయం చేత ఎక్కువ చక్కెర విడుదల చేయిస్తుంది, ఇన్సులిన్‌ను సరిగా పని చేయనివ్వదు. పొద్దున వేసిన స్టెరాయిడ్ ప్రభావం ఎక్కువగా కనిపించేది మధ్యాహ్న భోజనం తర్వాత, సాయంత్రం పూట. రాత్రి గడిచేసరికి కొంత దిగుతుంది. కాబట్టి పరగడుపు లెక్క బాగానే కనిపిస్తుంది. గ్రాఫులో ఒక్క బిందువు పెట్టి గీత గీయొద్దని నేను ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతాను. ఇంట్లో నేను చేసింది సరిగ్గా అదే.

అప్పటినుంచి డాక్టరమ్మ చెప్పినట్టు, కీమో ఇచ్చిన రోజుతో కలిపి ఐదు రోజులు రోజుకు నాలుగుసార్లు: పరగడుపున, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు, రాత్రి భోజనానికి ముందు, పడుకోబోయే ముందు. మిగతా 16 రోజులు రోజుకొకసారి, రోజుకో పూట మార్చి. నేను ఒక రూళ్ల నోటుబుక్కులో గళ్లు గీసిచ్చాను. తేదీ, పూట, ఎంత ఉంది, ఏం తింది, ఎన్ని యూనిట్లు వేసుకుంది, వాంతులు, జ్వరం. ప్రతి కీమోకు ముందు డాక్టరు ఆ పుస్తకం చూసి ఇన్సులిన్ మోతాదు పెంచడమో తగ్గించడమో చేసేవారు. రెండు, మూడు, నాలుగు కీమోలు ఇలా సాగాయి.

ఐదో కీమో తర్వాత నాకు పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. ఆ మూడు వారాలు ఫోనులోనే పలకరించాను. "అంతా బాగానే ఉంది చోటీ, రాస్తున్నాను" అనేది. ఆరో కీమోకు వెళ్లినరోజు పుస్తకం చూసి డాక్టరు మెచ్చుకున్నారు. అక్కడి ల్యాబులో చూస్తే 340 వచ్చింది. నోట్లో పుళ్లు, 101 జ్వరం. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయి. కీమో ఆపి, వార్డులో చేర్చి, యాంటీబయాటిక్ సెలైన్లు పెట్టారు.

ఆ రాత్రి వార్డు వరండాలో కూర్చుని నోటుబుక్కు తీశాను. 168, 172, 164, 170, 166, 172. ఇరవై ఆరేళ్లుగా పిల్లల హోంవర్కులు దిద్దుతున్నదాన్ని. ఒకరిది చూసి ఇంకొకరు రాస్తే నాకు చూడగానే తెలుస్తుంది. అన్నీ సరిసంఖ్యలే, అన్నీ పక్కపక్కనే. ఇంత నున్నగా ఏ ఒంట్లో షుగరూ నడవదు. సంచీలోంచి స్ట్రిప్పుల డబ్బా తీసి లెక్కపెట్టాను. ఐదో కీమో రోజు నేను కొనిచ్చిన 50 స్ట్రిప్పుల కొత్త డబ్బా అది. అందులో ఇంకా 31 ఉన్నాయి. అంటే వాడినవి 19. పుస్తకంలో రాసినవి 36. పదిహేడు అంకెలు మా ఆపా సొంతంగా పుట్టించింది.

తెల్లవారాక అడిగాను. చాలాసేపు కిటికీవైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత అంది: "ఒక్కోటి పద్దెనిమిది రూపాయలే చోటీ. రోజుకు నాలుగంటే డెబ్బై రెండు. వేలు గుచ్చి చూసి పారేయడానికి. కీమో అంటే సంఘంలో అడిగాం, పెద్దరోగం కాబట్టి అడిగాం. ఈ పుల్లముక్కలక్కూడా చేయి చాపుతామా? నువ్వయితే అప్పటికే ఎంతో పెట్టావు."

నా ఫీజు కట్టిన చేతులు అవి. వాటిని పట్టుకుని నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆమె అబద్ధమాడిందని నాకు కోపం రాలేదు. స్ట్రిప్పులకు డబ్బెక్కడిదని ఆ మూడు వారాల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదే అని సిగ్గేసింది. ఆ పుట్టించిన అంకెలు నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చకుండా ఉంచారు. షుగర్ ఎక్కువగా ఉంటే తెల్ల కణాలు సూక్ష్మక్రిములతో సరిగా పోరాడలేవు. కీమో వల్ల ఆ కణాలు అసలే తక్కువగా ఉన్నాయి. రెండూ కలిసి ఆరో కీమో పది రోజులు వెనక్కి పోయింది. ఎన్నో వేల ఖరీదు చేసే వైద్యం పద్దెనిమిది రూపాయల స్ట్రిప్పు దగ్గర ఆగింది.

సోదర సోదరీమణులారా, మీ ఇళ్లలోనో, మీకు తెలిసినవారికో ఈ రెండు జబ్బులూ కలిసి వస్తే పనికొస్తాయని, మేము నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

మొదటిది. క్యాన్సర్ డాక్టరుకు షుగర్ మందుల చీటీ, షుగర్ డాక్టరుకు కీమో చీటీ చూపించండి. రెండు చీటీలూ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. స్కానింగులో రంగు మందు ఎక్కించేటప్పుడు, మూత్రపిండాల పనితీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ కొన్నాళ్లు ఆపమనవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు తిండి, నీళ్లు పోని రోజుల్లో ప్రమాదం తేవచ్చు. పెట్ స్కాన్‌కు ముందు షుగర్ అదుపులో లేకపోతే బొమ్మ సరిగా రాదని వెనక్కి పంపిస్తారు. ఏది ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో వారే చెప్పాలి. మనంతట మనం ఆపకూడదు. ఎవరో చెప్పిన కషాయం తాగుతుంటే అదీ దాచకూడదు.

రెండోది. షుగర్ పెరగడం ఎంత ప్రమాదమో, పడిపోవడం అంతకంటే తొందర ప్రమాదం. మూడో కీమో అయిన రాత్రి ఆపా ఇన్సులిన్ వేసుకుని అన్నం తింది. తిన్నదంతా వాంతి అయిపోయింది. తెల్లవారుజామున మూడింటికి ఒళ్లంతా చెమట, చేతుల వణుకు. చూస్తే 52. డెబ్బై కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. అప్పటికీ పెరగకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి. వాంతులయ్యే రోజుల్లో ఇన్సులిన్ ఎంత వేయాలో ముందే అడిగి రాయించుకోండి.

మూడోది, సిరంజీ. మన దగ్గర దొరికే ఇన్సులిన్ సీసాల్లో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40 దానికి ఎర్రమూత సిరంజీ, 100 దానికి నారింజరంగు మూత సిరంజీ. 100 సీసాలోంచి ఎర్రమూత సిరంజీతో పది గీతల దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది పది యూనిట్లు కాదు, ఇరవై ఐదు. రెండున్నర రెట్లు. మందుల షాపులో ఏది ఇచ్చినా సీసా మీది అంకె, సిరంజీ మీది అంకె ఒకటేనా అని చూసుకోండి.

నాలుగోది, తిండి. చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందని ఎవరో చెబితే ఆపా పది రోజులు అన్నం, పండు మానేసి మజ్జిగ మీద ఉంది. నాలుగు కిలోలు తగ్గింది. ఒంట్లో ప్రతి కణానికీ గ్లూకోజు కావాలి. మనం అన్నం మానేసినంత మాత్రాన క్యాన్సర్ కణం ఒక్కటే పస్తుండదు. ముందు మనిషి చిక్కిపోతుంది, చిక్కిన మనిషి కీమోకు తట్టుకోలేదు. పోషకాహార నిపుణురాలు చెప్పింది తేలికైన మాట: కొద్దికొద్దిగా ఐదారుసార్లు తినాలి, ప్రతిసారీ అందులో పప్పో, గుడ్డో, పెరుగో, చేపో ఉండాలి. పంచదార చాయ్, షర్బత్ మానాలి, షుగర్ పడిపోయినప్పుడు తప్ప. ఆపాకు చద్ది వాసనే పడేది కాదు, ఉడికించిన గుడ్డు, పల్చటి కిచిడీ పడేవి.

ఐదోది, కాళ్లు. షుగర్ వల్ల నరాలు మొద్దుబారుతాయి. పాక్లిటాక్సెల్ వంటి కొన్ని కీమో మందులు కూడా అదే పని చేస్తాయి. చివరి నాలుగు కీమోల్లో ఆపాకు కాలివేళ్లకు స్పర్శ పోయింది. చెప్పులో రాయి ఉన్నా తెలియలేదు. రోజూ రాత్రి అరికాళ్లు మనమే చూడాలి. ఉత్త కాళ్లతో నడవనివ్వకూడదు.

ఆరోది, జ్వరం. కీమో నడుస్తున్నప్పుడు 100.4 దాటితే అది మామూలు జ్వరం కాదు. బిళ్ల వేసి పడుకోబెట్టకూడదు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకొక్క మాట. ఏడో కీమో రంజాన్‌లో వచ్చింది. ఆపా రోజా ఉంటానని పట్టుబట్టింది. బావ మసీదుకు వెళ్లి ఇమామ్ సాబ్‌ను ఇంటికి తీసుకొచ్చాడు. రోగికి అల్లాహ్ ఇచ్చిన సడలింపును వాడుకోవడం కూడా ఆయన మాట వినడమేనని, కోలుకుంటే తర్వాత ఆ రోజాలు ఉండవచ్చని, ఎప్పటికీ వీలుకాకపోతే ఫిద్యా ఉందని ఆయన నెమ్మదిగా చెప్పారు. మేము నెల రోజులు బతిమాలినా విననిది ఆయన పది నిమిషాల్లో ఒప్పించారు. మన ఇమామ్ సాబ్‌లందరూ రంజాన్‌కు ముందే షాబాన్‌లో ఈ మాట జుమా రోజున చెబితే ఎంతో మేలు జరుగుతుంది.

దాతలతో నా మనవికి వస్తున్నాను. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడికి ఇన్సులిన్ ఇచ్చారు. షుగర్ రోగికి ఇన్సులిన్‌తో వైద్యం చేయడం అదే మొదలు. దాన్ని కనిపెట్టినవారు పేటెంటు హక్కును నామమాత్రంగా ఒక్కో డాలరు తీసుకుని టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఇంచుమించు ఆ కాలంలోనే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో చదువుకోవడానికి బోస్టన్ చేరారు. ఆయన వెళ్లడానికి మామగారి సాయంతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ అండ కూడా ఉంది. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యంలో తయారైన మందుల్లోంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. ఈనాటికీ దాన్ని క్యాన్సర్‌కు వాడుతున్నారు. ఆ ధర్మసంస్థలో డబ్బు వేసినవారికి తమ రూపాయి ఎక్కడిదాకా వెళ్తుందో తెలిసి ఉండదు. దానం చేసినవారికి చాలాసార్లు అది తెలియదు. అది సరిగ్గా ఏ ఖాళీలో పడాలో చూడడం మాత్రం మన చేతిలో పని.

ఆ ఖాళీ ఎంతదో లెక్క వేసి తెచ్చాను. ఒక కీమో చుట్టుకు, ఐదు రోజులు నాలుగేసి, ఇరవై. పదహారు రోజులు ఒక్కోటి, పదహారు. మొత్తం 36 స్ట్రిప్పులు. ఎనిమిది కీమోలకు 288. మేము కొన్న ధర 18 రూపాయలు. మొత్తం 5,184 రూపాయలు. మీటరు, సూదులు కలిపినా ఆరేడు వేలు దాటదు. మా ఆపా సిగ్గుపడి అడగలేకపోయిన డబ్బు మొత్తం ఇదే.

మన సంఘం దరఖాస్తు కాగితంలో "ఆపరేషన్", "మందులు", "ప్రయాణం" అని మూడు గళ్లు ఉన్నాయి. నేను కోరేది ఒక్కటే. "రోగికి షుగర్ ఉందా?" అని నాలుగో గడి పెట్టండి. ఉందని రాసినవారికి అడగకుండానే మీటరు, స్ట్రిప్పులు, సరైన సిరంజీలు, ఒక నోటుబుక్కు చేతికివ్వండి. అడగకుండానే అన్న మాట గుర్తుపెట్టుకోండి. పెద్దరోగానికి చేయి చాపగలిగిన మనిషి చిన్న వస్తువుకు చాపలేదు. నోటుబుక్కుల్లో గళ్లు గీసే పని నాది. మా పాఠశాల తోటి ఉపాధ్యాయినులు ఇద్దరు నాతో కలిసి, ఆదివారాలు రోగుల ఇళ్లకు వెళ్లి మీటరు వాడడం నేర్పడానికి ఒప్పుకున్నారు. మొదటి ఇద్దరు రోగుల ఖర్చుకు నా చెక్కు ఈరోజే కార్యదర్శిగారికి ఇస్తున్నాను.

ఆపా ఎనిమిది కీమోలూ పూర్తి చేసింది. రెండేళ్లు దాటింది. ఆరు నెలలకోసారి పరీక్షలకు వెళ్తున్నాం. కాలివేళ్లకు స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు. హెచ్‌బీఏ1సీ పోయినసారి 7.1 వచ్చింది. ఇప్పటికీ నోటుబుక్కు రాస్తోంది. నేను వెళ్లినప్పుడల్లా పుస్తకం, స్ట్రిప్పుల డబ్బా రెండూ తెచ్చి నా ముందు పెట్టి, "లెక్కపెట్టుకో టీచరమ్మా" అంటుంది. ఈరోజు ఆమె వెనక వరుసలో కూర్చుని ఉంది. తన సంగతి చెప్పడానికి ఆమె అనుమతి తీసుకునే చెప్పాను. "నా అబద్ధం సంగతి కూడా చెప్పు. నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు" అంది.

అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.